నాయన అడిగింది ఒక పౌడరు డబ్బా

దసరా సెలవుల్లో అటక మీదున్న నాయన ట్రంకు పెట్టె కిందికి దించాము. నల్ల పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. తాళం ఎప్పుడో పోయింది, తాడు కట్టి ఉంచాము. లోపల ఒక మఫ్లరు, పాత సెలవు పాసులు, అడుగున రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుపోయిన ఉత్తరాల కట్ట. అందులో పైనున్నది 2002 జూన్‌లో నాయన మా అమ్మకు రాసిన ఇన్‌ల్యాండు లెటరు. పెన్ను ఇంకు చెమటకు అక్కడక్కడా అలుక్కుపోయింది. సగం మాటలు ఇంకా కనిపిస్తున్నాయి.

"ఇక్కడ అందరం క్షేమం. ఇక్కడి ఎండ ముందు మన అనంతపురం ఎండ ఏం లెక్క కాదు. వొళ్ళంతా చెమటకాయలు లేచినాయి, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. వీలుంటే ఒక పౌడరు డబ్బా, కొంచెం నిమ్మకాయ ఊరగాయ పంపు. రేషన్ బాగుంది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు. వాన పడిందా? చెనిక్కాయ వేసినారా?"

ఒక హవల్దారు, ఇరవై ఏళ్ళకు పైగా సర్వీసు ఉన్న మనిషి, దేశం సరిహద్దులో కూర్చుని ఇంటికి రాసి అడిగింది ఒక పౌడరు డబ్బా. ఆ ఉత్తరం చదివిన రోజు నుంచీ ఇది రాయాలని అనుకుంటున్నాను. యుద్ధం వచ్చినప్పుడల్లా మనం జవాన్ల కోసం డబ్బులు, దుప్పట్లు, బిస్కెట్లు, బంగారం ఇస్తూ వచ్చాం. మనసు పెట్టే ఇచ్చాం, ఆ మాటలో నాకు ఏ అనుమానమూ లేదు. కానీ వాళ్ళకు ఏం కావాలో, ఎప్పుడు కావాలో అడిగి ఇచ్చింది ఎన్నిసార్లు?

2002 అంటే చాలామందికి గుర్తు ఉండదు, ఎందుకంటే ఆ ఏడాది యుద్ధం జరగలేదు. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక సైన్యాన్ని పెద్ద ఎత్తున పశ్చిమ సరిహద్దుకు తరలించారు. ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు. 2002 అక్టోబర్ దాకా, అంటే దాదాపు పది నెలలు, లక్షల మంది జవాన్లు ఈ రోజో రేపో యుద్ధం అన్నట్టుగా ఇసుకలో, బంకర్లలో, గుడారాల్లో ఉన్నారు. మైళ్ళకొద్దీ మందుపాతరలు పాతారు, ఆ పాతడంలోనూ తర్వాత తీయడంలోనూ ప్రాణాలు పోయాయి, కాళ్ళు పోయాయి. యుద్ధం మాత్రం మొదలే కాలేదు. టీవీలో నెల రోజులు హడావిడి నడిచింది, తర్వాత వార్త పాతబడిపోయింది. నాయన మాత్రం అక్కడే ఉన్నాడు. జనవరి చలిలో వెళ్ళినవాడు జూన్ ఎండకు కూడా అక్కడే.

అంతకు మూడేళ్ళ ముందు, 1999లో, నేను ఎనిమిదో క్లాసు. జూన్‌లో బడి తెరిచేసరికి కార్గిల్ యుద్ధం మధ్యలో ఉంది. మా బడిలో ప్రేయర్ అయ్యాక రోజూ చందాల డబ్బా తిప్పేవాళ్ళు. బోర్న్‌విటా డబ్బా మూతకు కన్నం చేసి, చుట్టూ తెల్ల కాగితం అంటించి, దాని మీద మూడు రంగులు వేశాము. పాతూరు అంగళ్ళలో, క్లాక్ టవర్ దగ్గర, తాడిపత్రి బస్సులు ఆగే చోట కూడా పిల్లలం వరసగా తిరిగాం. ఎవరూ కాదనలేదు. పూలమ్మే ఆమె రూపాయి బిళ్ళ వేసి చేతులు జోడించింది, అది ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. కొంతమంది స్వెట్టర్లు, మంకీ క్యాపులు తెచ్చిచ్చారు. అనంతపురంలో స్వెట్టరు ఉన్న ఇల్లు ఎన్ని ఉంటాయి చెప్పండి, అయినా తెచ్చారు, ఊటీకి పోయినప్పుడు కొన్నవి, పెళ్ళికి ఎవరో పెట్టినవి. మా సారు ఒకాయన మెల్లగా అన్నారు, "ఇవి అక్కడి చలికి చాలవమ్మా, డబ్బులైతే వాళ్ళే సరైనవి కొనుక్కుంటారు" అని. అయినా తీసుకున్నారు. ఇచ్చినవాళ్ళ మొహం చూసి తిప్పి పంపడం ఆయన వల్ల కాలేదు.

అప్పుడు నాయన కార్గిల్‌లో లేడు, ఝాన్సీలో ఉన్నాడు. అయినా మా వీధి వీధంతా మా ఇంటికి వచ్చి అమ్మను పలకరించి పోయింది. కూరగాయలామె డబ్బులు తీసుకోలేదు. అదే 2002లో, నాయన నిజంగా బోర్డర్‌లో, ఏ క్షణంలో ఏమవుతుందో తెలియని చోట ఉన్నప్పుడు, ఎవరూ చందా ఎత్తలేదు, ఎవరూ వచ్చి అడగలేదు. నేను వాళ్ళను తప్పు పట్టడం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. యుద్ధం అని పేపర్లో పెద్దక్షరాలతో వస్తే గానీ మనకు జవాను గుర్తురాడు, పేపర్లో రాని పది నెలలు కూడా జవానుకు యుద్ధమే.

పౌడరు డబ్బా సంగతికి వస్తాను. అమ్మ ఆ ఉత్తరం చూసిన సాయంత్రమే సప్తగిరి సర్కిల్ దాకా నడిచి పోయి చెమటకాయల పౌడరు నాలుగు డబ్బాలు తెచ్చింది. ఒక్కటే అడిగితే నాలుగెందుకు అంటే, "పక్కనున్న పిల్లోళ్ళకు వద్దా?" అంది. నిమ్మకాయ ఊరగాయను రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి, దాని మీద పాలిథిన్ కవరు కట్టింది. అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, తెల్ల గుడ్డ చుట్టి, గోనెసంచి కుట్టే సూదితో నాలుగు వైపులా కుట్టింది. కుట్ల మీద లక్క కరిగించి ముద్దలు పెట్టాము. అడ్రసు నేను రాశాను. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 56 ఏపీఓ. అంతే, ఊరి పేరు ఉండదు. ఆ 56 ఏపీఓ అనే మాట ఎక్కడుందని చిన్నప్పుడు అట్లాసులో వెతికేదాన్ని. అది ఊరు కాదని, సైన్యం తపాలా వాళ్ళు ఢిల్లీలో వేరుచేసి ఏ యూనిట్టు ఎక్కడుంటే అక్కడికి చేరుస్తారని తర్వాత తెలిసింది. పార్సిలు చేరడానికి నెల దాటింది. చేరింది.

పార్సిలుతో పాటు అమ్మ ఒక ఉత్తరం పెట్టింది. అందులో "వాన పడింది, చెనిక్కాయ బాగా మొలిచింది" అని రాయించింది నాతో. 2002 కరువు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఏడు దేశమంతా వాన మొహం చాటేసింది, ఇంక మా జిల్లా గతి చెప్పేదేముంది. విత్తనం కొట్లోనే ఉంది, భూమి దున్నింది దున్నినట్టే ఉంది. అబద్ధం ఎందుకమ్మా అని అడిగాను. "ఆయప్ప అక్కడ తుపాకీ పట్టుకొని నిలబడాల, ఇక్కడి మబ్బులు చూడకూడదు" అంది. మొన్న ఆ ఉత్తరం కూడా కట్టలో దొరికింది. నాయనకు చూపిస్తే చదివి మడిచి, "నాకు అప్పుడే తెలుసు, రేడియోలో చెప్పేవాళ్ళు కదా" అన్నాడు. మరి ఎందుకు అడగలేదు అంటే, ఆమె రాయించిన మాట బాగుంది కదా అన్నాడు.

ఇంగ్లీషువాళ్ళు యుద్ధకాలంలో సైనికులకు పంపే ఇలాంటి చిన్న చిన్న వస్తువులన్నింటికీ కంఫర్ట్స్ అని పేరు పెట్టి, వాటి కోసం వేరే ఫండ్లు నడిపేవాళ్ళు. మేజోళ్ళు, సిగరెట్లు, సబ్బులు, పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు. తిండి, బట్ట, తుపాకీ సర్కారు ఇస్తుంది. దానికి పైన మనిషి మనిషిగా ఉండటానికి కావలసింది ఎవరో ఒకరు చూడాలి. మన సైన్యంలో ఇది చాలావరకు వాళ్ళే చూసుకుంటారు. కాంటీన్ అంటే మనకు చవగ్గా సబ్బులు, సూట్‌కేసులు దొరికే చోటు అనే తెలుసు. 1948 నుంచి నడుస్తున్న ఆ కాంటీన్ వ్యవస్థలో మిగులులో కొంత మళ్ళీ యూనిట్ల సంక్షేమానికి పోతుంది. నాయన మాటల్లో చెప్పాలంటే బ్యారక్‌లో టీవీ, క్యారమ్ బోర్డు, వాలీబాల్ నెట్టు, పండక్కి బడా ఖానా అనే విందులో స్వీటు, ఇవన్నీ అలాంటి డబ్బులే. 1976లో మొదలైన ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా జవాన్లు నెలనెలా తమ జీతంలోంచి కట్టుకునేదే. ఒకడు పోతే మిగతావాళ్ళ చందా వాడి ఇంటికి చేరుతుంది. జవాను సంక్షేమానికి అందరికంటే ముందు డబ్బు పెట్టేది జవానే. ఈ విషయం బయటివాళ్ళకు తెలియాలని నాకు చాలా ఉంటుంది.

మా జేజి, అంటే నాయనమ్మ, చెప్పిన కథలు కొన్ని ఇక్కడ చెప్పాలి. ఆమెది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధం. అప్పుడు మన దత్త మండలాలు, అంటే ఇప్పటి రాయలసీమ, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. వార్ ఫండు అని రెవెన్యూ వాళ్ళు ఊళ్ళోకి వస్తే మునసబు, కరణం ఇంటింటికీ ఇంతని లెక్క కట్టేవాళ్ళని, ఇవ్వనంటే తర్వాత ఏదో ఒక కాగితం పని దగ్గర ఇబ్బంది పెట్టేవాళ్ళని వాళ్ళ నాయన చెప్పుకొని బాధపడేవాడట. అలా ప్రెసిడెన్సీ అంతా పోగైన డబ్బుకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 79వ స్క్వాడ్రన్‌కు మద్రాస్ ప్రెసిడెన్సీ అనే పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అయితే మద్రాసు చందాలతో మద్రాస్ అనే ఆసుపత్రి ఓడనే నడిపారు. గాయపడ్డ సిపాయిలను మోసిన ఓడ అది, దానికి ఇచ్చిన డబ్బు మంచి పనికే పోయింది. కానీ అడిగి ఇవ్వడం వేరు, బెదిరిస్తే ఇవ్వడం వేరు. 1940లో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు సత్యాగ్రహులు ఊరూరా చెప్పిన మాటే అది, బ్రిటిష్ యుద్ధానికి మనుషులనిచ్చినా డబ్బిచ్చినా తప్పు అని. ఆ మాట అన్నందుకే జైలుకు పంపారు.

మళ్ళీ ఇరవై రెండేళ్ళకు అదే జనం అడక్కుండానే ఇచ్చారు. 1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. ఈశాన్యంలో పధ్నాలుగు వేల అడుగుల ఎత్తున మన జవాన్లు నూలు యూనిఫారంతో, క్యాన్వాస్ బూట్లతో నిలబడ్డారు. ఆ మాట ఊళ్ళలోకి ఎలా పాకిందో గానీ పాకింది. జాతీయ రక్షణ నిధి పెట్టింది అప్పుడే. రాష్ట్రానికి ముఖ్యమంత్రి మా జిల్లా మనిషే, నీలం సంజీవరెడ్డి. జేజికి అప్పటికి పెళ్ళై నాయన కడుపులో ఉన్నాడు. జీపులో మైకు పెట్టుకొని వచ్చారట, చావడి దగ్గర బల్ల వేసి రసీదులు రాశారట. ఆమె చెవి కమ్మలు తీసిచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్ళు చెవులకు వేప పుల్లలే.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది కంబళి కథ. వాళ్ళ పక్కింట్లో కురుబాయన, గొర్రె ఉన్నితో కంబళ్ళు నేసేవాడు. మా వైపు నల్ల కంబళి ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు, చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే అట్టలా నిలబడుతుంది, మొదట్లో వొంటికి గుచ్చుకుంటుంది, కానీ వాన నీళ్ళు కూడా తొందరగా దిగవు, చలి అసలే రాదు. ఆయన భుజాన ఒక కొత్త కంబళి వేసుకొచ్చి బల్ల మీద పెట్టాడట. రాసుకునే ఆయన "ఇది కాదు పెద్దాయనా, డబ్బు గానీ బంగారం గానీ ఇవ్వు, కంబళి మేం ఎక్కడికని పంపేది" అన్నాడట. ఈయన ఏమీ మాట్లాడకుండా కంబళి అక్కడే ఉంచి వెళ్ళిపోయాడట. జేజి ఈ కథ చెప్పినప్పుడల్లా అడిగేది, "నూలు గుడ్డలతో చలికి చచ్చిపోతా ఉన్నారని చెప్పిందీ వాళ్ళే, కంబళి వద్దన్నదీ వాళ్ళే, ఎట్ల?" అని. ఇద్దరి వైపూ న్యాయం ఉందని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఊరికొక కంబళి చొప్పున రైళ్ళెక్కించి కొండల మీదికి చేర్చడం ఆ హడావిడిలో అయ్యే పని కాదు. కానీ ఆ మనిషి చేతిలో ఉన్నది, జవానుకు అక్కరకు వచ్చేది, ఆ ఒక్క వస్తువే. దాన్ని ఒక క్షణం చేతిలోకి తీసుకొని ఒక రసీదు రాసివ్వాల్సింది.

జేజి ఇంకో కారణం కూడా చెప్పేది, సీమ జనం సైన్యానికి ఎందుకు ఇచ్చారంటే. 1952 కరువులో గంజి కేంద్రాల ముందు వరసలు కట్టిన రోజుల్లో సైన్యం వచ్చి ఎండిపోయిన బావులు లోతు చేసింది. "మాకు నీళ్ళిచ్చినోళ్ళు" అనేది ఆమె, జవాన్ల పేరెత్తితే.

ఇవ్వడం గురించి మాట్లాడుకునేటప్పుడు 1965 నిజాం బంగారం సంగతి చెప్పక తప్పదు, ఎందుకంటే ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. అయిదు టన్నుల బంగారం ఉచితంగా ఇచ్చేశాడని. సమాచార హక్కు కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం ఆయన 425 కిలోల బంగారం జాతీయ రక్షణ గోల్డ్ బాండ్లలో పెట్టారు, ఆరున్నర శాతం వడ్డీకి. అది కూడా ఆ రోజుల్లో దేశానికి పెద్ద సాయమే, కాదనను. కానీ వడ్డీ లేకుండా, బాండు లేకుండా కమ్మలు ఇచ్చేసిన మా జేజి లాంటి వాళ్ళ పేర్లు ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండవు.

2025 మే నెలకు వస్తాను. 6వ తేదీ అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ సిందూర్ మొదలైంది, 10 సాయంత్రానికి కాల్పులు ఆపాలని ఒప్పందం. ఆ నాలుగు రోజుల్లోనే మన గోరంట్ల మండలం కల్లి తండా అబ్బాయి మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం ఇచ్చాడు. అగ్నివీరుడు. ఆ వార్త వచ్చిన రోజు నాయన అన్నం ముట్టలేదు. ఎప్పుడూ చూడని తండాకు జనం బస్సులెక్కి, బైకులెక్కి పోయారు.

ఆ వారమే మా కాలనీలో కూడా చందా ఎత్తారు. జవాన్లకు దుప్పట్లు, డ్రైఫ్రూట్స్ పంపుతామని ఒక గ్రూపు కుర్రాళ్ళు ఇంటింటికీ వచ్చారు, ఫోన్లో క్యూఆర్ కోడ్ చూపించారు. నేను అయిదు వందలు పంపాను. ఎక్కడికి పంపుతున్నారు అని అడిగితే "బోర్డర్‌కు అక్కా" అన్నారు. కాల్పులు ఆగిపోయాక ఆ డబ్బు ఏమైందో ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు అడిగాను, మూడోసారి గ్రూపులోంచి నన్ను తీసేశారు. అయిదు వందల గురించి కాదు నా బాధ. పెన్షన్ మీద బతికే మా ఎదురింటి రిటైర్డ్ సారు రెండు వేలు ఇచ్చారు. జవాను పేరు చెప్పి తీసుకున్న డబ్బుకు లెక్క చెప్పకపోవడం నాకు మింగుడు పడటం లేదు.

అదే రోజుల్లో ఇంకో మెసేజ్ అందరి ఫోన్లలోనూ తిరిగింది, రోజుకు రూపాయి ఫలానా అకౌంటులో వేస్తే సైన్యానికి ఆయుధాలు కొంటారు, క్యాబినెట్ నిర్ణయం అని. ఇది 2016 నుంచి తిరుగుతూనే ఉంది. రక్షణ శాఖ 2025 ఏప్రిల్‌లో కూడా ఇది తప్పుదారి పట్టించే మెసేజ్ అని చెప్పింది. అలాంటి నిధి ఒకటి ఉన్న మాట నిజమే, కానీ అది ఆయుధాలకు కాదు. పోరులో చనిపోయిన, అంగవైకల్యం వచ్చిన సైనికుల కుటుంబాల కోసం పెట్టిన ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువాలిటీస్ వెల్ఫేర్ ఫండ్ అది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచుచరియ కింద పది మంది జవాన్లు కూరుకుపోయారు కదా, అందులో ఒకరు అప్పటి మన కర్నూలు జిల్లా పార్నపల్లె వాడు. అప్పుడు జనం మేం డబ్బులిస్తాం, ఎక్కడివ్వాలో చెప్పండి అని అడగబట్టే ఈ నిధి వచ్చింది. 2022లో మా భారతి కే సపూత్ అనే వెబ్‌సైటు పెట్టారు, ఇప్పుడు దాంట్లోంచే నేరుగా పంపొచ్చు.

ఈ నిధుల పేర్లు కలగాపులగంగా ఉంటాయి, నేను కూడా నాయన్ను కూర్చోబెట్టి అడిగితే గానీ తేల్చుకోలేకపోయాను. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల వాళ్ళది హోం శాఖ కాబట్టి వాళ్ళకు భారత్ కే వీర్ అని వేరే ఉంది, 2017లో పెట్టారు. అందులో చనిపోయిన జవాను కుటుంబం పేరు చూసి నేరుగా వాళ్ళకే పంపొచ్చు, ఒక్కో కుటుంబానికి పదిహేను లక్షల దాకా. 1962లో జేజి కమ్మలు వేసిన జాతీయ రక్షణ నిధి ఇంకా ఉంది, ప్రధాని అధ్యక్షతన కమిటీ నడుపుతుంది. దాంట్లోంచే మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వస్తుంది, ఆడపిల్లలకు నెలకు 3000, మగపిల్లలకు 2500. మా చిన్నాయన కూతురు బీటెక్ ఆ డబ్బుతోనే చదువుతోంది. జేజి బతికుంటే ఆమెకు ఈ మాట చెప్పేదాన్ని.

ఇంక జెండా దినోత్సవం. డిసెంబర్ 7. 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు దళాలకు మూడు రంగుల చిన్న జెండా. బడుల్లో, ఆఫీసుల్లో డబ్బాలు తిప్పుతారు, పది రూపాయలు వేసి జెండా జేబుకు అంటించుకుంటాం, సాయంత్రానికి రాలిపోతుంది. చాలామంది దీన్ని ఒక మొక్కుబడిగా చూస్తారు. నేను టీచర్ని కాబట్టి ఏటా మా క్లాసులో డబ్బా తిప్పేది నేనే, కానీ ఆ డబ్బు ఎక్కడికి పోతుందో మొన్నటిదాకా నేనూ సరిగ్గా పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది మా వీధి చివర ఉండే అవ్వ. ఆమె భర్త చైనా యుద్ధం తర్వాత పెద్ద ఎత్తున రిక్రూట్‌మెంట్లు జరిగినప్పుడు చేరాడు. 1965లో పంజాబ్ వైపు ఉన్నాడు. పదిహేనేళ్ళు పూర్తి కాకుండానే ఇంటి పరిస్థితి వల్ల బయటికొచ్చాడు. పదిహేనేళ్ళు నిండకపోతే పెన్షన్ లేదు. ఆయన పోయి పన్నెండేళ్ళు. అవ్వ చింతపండు గింజలు తీసి కూలి తెచ్చుకుంటుంది. అలాంటి వాళ్ళ కోసమే, పెన్షన్ లేని అరవై అయిదు దాటిన మాజీ సైనికులకూ వాళ్ళ భార్యలకూ, హవల్దారు అంతకంటే కింది ర్యాంకుల వాళ్ళకు, కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. ముందు 4000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు 8000 చేశారు. పిల్లల చదువుకిచ్చేది నెలకు వెయ్యి నుంచి రెండు వేలు, కూతురి పెళ్ళికి ఇచ్చేది యాభై వేల నుంచి లక్ష అయింది. ఆ డబ్బంతా వచ్చేది జెండా దినోత్సవ నిధి నుంచే. మనం బడిలో వేసే పది రూపాయలు పోయేది ఇలాంటి ముసలివాళ్ళ దగ్గరికి. అవ్వకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, ఇన్నేళ్ళూ.

పేపర్లో ఆ వార్త చూసి నాయనే ఆమె దగ్గరికి పోయాడు. అప్పటినుంచి మూడు వారాలుగా ఇదే పని. డిశ్చార్జ్ పుస్తకం దొరికింది, ప్లాస్టిక్ కవరులో పసుపు డబ్బా వెనక దాచి ఉంచింది. అట్ట ఊడిపోయింది, లోపలి పేజీల్లో సగం చెదలు. భార్య పేరు దగ్గర ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. పుట్టింటి పేరు ఒకటి, అత్తగారింట్లో పిలిచింది ఒకటి, మన ఊళ్ళల్లో ఇది మామూలే. ఆఫీసులో ఒకాయన అఫిడవిట్ తెమ్మన్నాడు, తెస్తే ఇంకో చోట సంతకం కావాలన్నాడు. ఆటోలో పోను రాను ఆమెకు రెండు రోజుల కూలి. ఇచ్చేవాళ్ళు ఇచ్చారు, నిధిలో డబ్బుంది, నిబంధన కూడా ఆమె వైపే ఉంది, అయినా ఒక అక్షరం దగ్గర ఆగిపోయింది. నాయన విసుక్కోలేదు. యుద్ధం అప్పుడు చందా ఎత్తే ఊపులో పదో వంతు ఇలాంటి కాగితాల పనికి పెట్టే మనుషులు వీధికి ఒకరు ఉన్నా చాలు అన్నాడు నాతో.

ఈసారి కూడా బడిలో జెండాలు పంచుతాం. పిల్లలకు ఈసారి అవ్వ గురించి చెబుతాను, పేరు చెప్పకుండా. నాయన కూడా వస్తానన్నాడు, రెండు మెడల్స్ పెట్టుకొని.

నిన్న సాయంత్రం మా వసారాలో కూర్చొని ఫారం చివరిసారి సరిచూశాము. నాయన కళ్ళద్దాలు పెట్టుకొని డిశ్చార్జ్ పుస్తకంలో నంబరు చూస్తున్నాడు, మధ్యలో రెండు అంకెలు చెదలకు పోయి కనపడటం లేదు, ఆఫీసు రికార్డు చూసుకోవాల్సిందే అంటున్నాడు. అవ్వకు చదువు రాదు, ఇంతవరకూ సంతకం కూడా వేలిముద్రే. గోడకానుకొని కూర్చున్న ఆమె, "నంబరేనా నాయనా, రాసుకో" అని మొదటి అంకె నుంచి చివరి దాకా గడగడా చెప్పేసింది. ఆయన సైన్యంలో ఉన్నన్నాళ్ళూ ఉత్తరం రాయించేటప్పుడల్లా పైన ఆ నంబరు తానే చెప్పి రాయించేదట, ఒక్క అంకె తప్పినా చేరదని ఎవరో చెప్పారట. నాయన పుస్తకంలో మిగిలిన అంకెలతో ఒక్కొక్కటే పోల్చి చూసుకుంటూ, "ఇంకోసారి చెప్పు అవ్వా, మెల్లగా" అన్నాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.